పద్దు సంఖ్యకు రసీదు

తపాలా కచేరిలో పార్సెలు పంపిన వారందరును ఎరిగిన విషయమొకటి కలదు. మనము మూటను బల్లమీద నుంచుదుము. గుమాస్తా దానిని తూచి, చిరునామాను యంత్రమున కెక్కించి, రుసుము పుచ్చుకొని, సంఖ్య గల రసీదు నొకదానిని మన చేతికిచ్చును. ఆ సంఖ్యను మనము నిర్ణయింపలేదు. అది మనకు ముందుగా తెలియదు. మూటను స్వీకరించిన క్షణముననే అది పుట్టినది. తరువాత మూట చేరినదా లేదా యని విచారింపవలెనన్నను, చేరనిచో ఫిర్యాదు చేయవలెనన్నను ఆ సంఖ్యయే మనకు ఆధారము.

ఒకడు రసీదు పుచ్చుకొనకయే బయటికి వచ్చి, పది నిమిషములైన పిదప కిటికీలోనుండి తొంగి చూచి, గుమాస్తా ఇచ్చిన సంఖ్యలలో ఆఖరిది యేదో దానినే తనదిగా వ్రాసికొన్నాడనుకొందము. ఆ పది నిమిషములలో మరియొకరు రాకున్నచో వాని సంఖ్య సరియైనదే. వచ్చియున్నచో వాడు ఇతరుల మూటను గూర్చి విచారించుచుండును; తన మూట సంగతి వానికెన్నటికిని తెలియదు. ఇంత తెలివితక్కువ పని యెవరు చేయుదురని పాఠకులు నవ్వవచ్చును. కాని నేడు మన ఇండ్లలోని ఆర్డర్లను, పరీక్షలను, చెల్లింపులను నమోదు చేయు ప్రోగ్రాములలో కొన్ని సరిగా ఈ పనినే చేయుచున్నవి. అది ఎట్లు జరుగుచున్నదో, దానినెట్లు తప్పింపవచ్చునో తెలుపుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పట్టికలు, పద్దులు

మనము ఫోనులోనో కంప్యూటరులోనో ఒక పుటను తెరచి, వివరములు నింపి, బొత్తామును నొక్కినప్పుడు ఆ వివరములు దూరముననున్న ఒక సర్వరునకు చేరును. అచ్చట డేటాబేసు అను పద్దుల భాండారము కలదు. ఇది పట్టికల సముదాయము. పట్టికలోని ఒక్కొక్క అడ్డ వరుస ఒక్కొక్క పద్దు. సమాచారమును ఇట్లు పట్టికలుగా అమర్చి, వాని నడుమనున్న సంబంధములను సైతము పట్టికలలో వ్రాసిన విలువలచేతనే తెలుపవలెనను సిద్ధాంతమును 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ ప్రకటించెను. 1974లో ఆ సంస్థయందే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఆ పట్టికలతో సంభాషించుటకు ఒక భాషను వెలువరించిరి. నేడు ప్రపంచమంతటను వాడుకలోనున్న ఎస్.క్యూ.ఎల్. అను భాషకు అదియే మూలము. క్రొత్త పద్దును చేర్చుటకు ఆ భాషలో గల ఆజ్ఞ పేరు 'ఇన్సర్ట్'.

ఒక రక్తపరీక్షా కేంద్రమును ఉదాహరణగా తీసికొందము. అచ్చటికి వచ్చువానికి ఒక పరీక్ష వ్రాసియుండవచ్చును. ఏడు పరీక్షలు వ్రాసియుండవచ్చును. ఒకే పట్టికలో ఏడేసి గడులు కట్టియుంచిన అవి చాలమందికి ఖాళీగా నుండును. ఎనిమిదవ పరీక్ష వచ్చినప్పుడు చోటుండదు. కావున అట్టిచోట రెండు పట్టికలు కట్టుదురు. మొదటిది రాకల పట్టిక: వచ్చినవారి పేరు, వయస్సు, ఫోను సంఖ్య, తేదీ. రెండవది పరీక్షల పట్టిక: ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క పద్దు. ఏ పరీక్ష ఎవరిదో తెలియుటకు పరీక్షల పద్దులో రాక యొక్క సంఖ్యను వ్రాయుదురు.

పేరునే వ్రాయరాదా యని అడుగవచ్చును. వెంకటేశ్వరరావులు ఒక్క వీధిలోనే నలుగురుండవచ్చును. ఫోను సంఖ్య ఇంటిల్లిపాదికిని ఒక్కటే కావచ్చును. అందుచేత ప్రతి పద్దునకును మరియొక పద్దునకు లేని సంఖ్య కావలెను. ఆ సంఖ్య నిచ్చు పనిని మనుష్యులకు వదలక డేటాబేసే చేయును. మైసీక్వెల్‌లో ఈ యేర్పాటును ఆటో ఇంక్రిమెంట్ అనియు, ఎస్.క్యూ.ఎల్. సర్వరులో ఐడెంటిటీ అనియు అందురు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో సీక్వెన్స్ అను సంఖ్యల చక్రమొకటి తిరుగుచుండును. అడిగిన వారికెల్ల తరువాతి సంఖ్య నిచ్చును.

ఇప్పుడు చిక్కు ఎచ్చటనున్నదో చూడుడు. పరీక్షల పద్దులను చేర్చుటకు రాక సంఖ్య కావలెను. ఆ సంఖ్యయో, రాక పద్దు చేరిన పిమ్మటగాని పుట్టదు. కావున ప్రోగ్రాము మొదటి ఇన్సర్ట్ చేసి, అప్పుడే పుట్టిన సంఖ్యను తెలిసికొని, రెండవ ఇన్సర్ట్‌లో దానిని వాడవలెను. ఆ నడిమి మెట్టునందే కాలు జారుచున్నది.

మేమెరిగిన ఒక ఉదయము

కొంతకాలము క్రిందట మా యింటి పెద్దవారొకరు పరగడుపున ఒక పరీక్షా కేంద్రమునకు వెళ్ళిరి. వైద్యుడు వ్రాసినవి రెండు: రక్తములోని చక్కెర, క్రియాటినిను. ఉదయము ఏడు గంటల వేళ; జనము క్రిక్కిరిసి యున్నారు; రెండు బల్లల యొద్ద ఇద్దరు గుమాస్తాలు వివరములను ఎక్కించుచున్నారు. సాయంత్రము వచ్చిన కాగితముపై పెద్దవారి పేరు, వయస్సు సరిగా నున్నవి. వాని క్రింద ఒక్క పరీక్షయు లేదు.

కేంద్రమునకు వెళ్ళి అడిగితిమి. "మీకు పరీక్షలేమీ రాసినట్లు లేదండీ" అనిరి. రుసుము చెల్లించితిమని మేము వాదించుచుండగా ఒక తల్లి తన కుమార్తె కాగితమును చేతపట్టుకొని కలవరముతో వచ్చెను. "మా అమ్మాయికి చక్కెర పరీక్ష రాయనే లేదండీ. ఇందులో చక్కెర ఎక్కువగా ఉన్నదని వచ్చింది. పిల్ల పొద్దుటి నుంచి ఏడుస్తోంది" అనెను. ఆ కాగితమున నాలుగు పరీక్షలున్నవి. రెండు ఆ బాలికవి. రెండు మా పెద్దవారివి.

ఆ ప్రోగ్రామును వ్రాసిన యువకుడు మరునాడు వచ్చెను. తప్పును దాచు స్వభావము కలవాడు కాడు. "మూడు నెలలు పరీక్షించానండీ, ఒక్కసారి కూడా ఇట్లా రాలేదు" అనెను. అతడు చెప్పినది నిజమే. మా యెదుట ప్రోగ్రామును తెరచి చూపగా సంగతి బయటపడినది. మొదటి ఇన్సర్ట్ అయిన వెంటనే అతడు డేటాబేసును అడుగుచున్న ప్రశ్న ఇది: రాకల పట్టికలో అన్నిటికంటె పెద్ద సంఖ్య ఏది? ఆఖరున చేరినది తన పద్దే కాబట్టి పెద్ద సంఖ్య తనదే యగునని అతని తలంపు.

ఆ ఉదయము జరిగినది ఇట్లుండెను. సుబోధముగా నుండుటకు సంఖ్యలను మేము చిన్నవి చేసినాము. మొదటి బల్లయొద్ద మా పెద్దవారి రాక చేరినది. దానికి 501 అను సంఖ్య పుట్టినది. సెకనులో కొన్ని వేలవ వంతులు గడచునంతలో రెండవ బల్లయొద్ద ఆ బాలిక రాక చేరినది, దానికి 502. అప్పుడు మొదటి బల్ల ప్రోగ్రాము పెద్ద సంఖ్య ఏదని అడిగెను. 502 అని జవాబు వచ్చెను. మా వారి పరీక్షలు రెండును 502 క్రింద చేరినవి. రెండవ బల్ల ప్రోగ్రాము అడుగగా దానికిని 502 అనియే వచ్చెను. బాలిక పరీక్షలును అచ్చటనే చేరినవి. డేటాబేసు ఏ ప్రశ్నకును అబద్ధము చెప్పలేదు. దానిని అడిగిన ప్రశ్నయే వేరు. అతనికి కావలసినది "నాకిచ్చిన సంఖ్య ఏది" అనుట. అతడు అడిగినది "అందరికి ఇచ్చినవానిలో పెద్దది ఏది" అనుట.

మూడు నెలల పరీక్షలో ఈ తప్పేల పట్టుబడలేదో ఇప్పుడు స్పష్టమే. అతడు ఇంటిలో ఒంటరిగా కూర్చుండి పరీక్షించెను. ఒక్కడే మనుష్యుడున్నచోట అందరిలో పెద్ద సంఖ్యయు తన సంఖ్యయు ఒక్కటియే. వెబ్బు అనునది అట్టి చోటు కాదు. అచ్చట ఒకే క్షణమున ఎందరు బొత్తాము నొక్కుదురో ఎవరును చెప్పలేరు. జనము తక్కువగా నున్న నాడు నిద్రించి, జనము మూగిన నాడు మేలుకొను తప్పు ఇది.

పనికిరాని అడ్డదారులు

ఈ చిక్కును ఎరిగిన కొందరు మరికొన్ని దారులు త్రొక్కుదురు. పేరును, ఫోను సంఖ్యను ఇచ్చి ఆ పద్దును వెదకి సంఖ్యను తెలిసికొనుట ఒకటి. అదే మనుష్యుడు గత నెలలోను వచ్చియుండిన రెండు పద్దులు దొరకును. పెద్ద సంఖ్యకు ఒకటి కలిపి ముందుగానే తన సంఖ్యను తానే నిర్ణయించుకొనుట మరియొకటి. ఇద్దరు ఒకేసారి ఆ లెక్క వేసినచో ఇద్దరికిని ఒకే సంఖ్య వచ్చును. డేటాబేసు ఒకరి పద్దును త్రోసిపుచ్చును. తన పని ముగియువరకు పట్టికకంతటికిని తాళము వేయుట మూడవది. ఇందు తప్పు జరుగదు గాని, ఒకరి పని ముగియువరకు తక్కినవారందరును వాకిట నిలువవలెను.

రసీదును అడిగి పుచ్చుకొనుట

సరియైన పద్ధతి తపాలా కచేరిలోనిదే. సంఖ్యను ఇచ్చినది డేటాబేసు. కాబట్టి ఈ ఇన్సర్ట్‌కు నీవిచ్చిన సంఖ్య ఏది యని దానినే అడుగవలెను. ప్రసిద్ధములైన డేటాబేసు లన్నిటను ఇందుకు ఏర్పాటున్నది.

మైసీక్వెల్‌లో దీని పేరు 'లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ'. పేరును బట్టి ఇదియు అందరిలో ఆఖరు సంఖ్యయే కాబోలునని భ్రమపడరాదు. ప్రోగ్రామునకును డేటాబేసునకును నడుమ టెలిఫోను తీగవంటి కనెక్షను ఒకటి యుండును. ఏ కనెక్షనుపై ఏ సంఖ్య పుట్టినదో ఆ కనెక్షనుకు ప్రత్యేకముగా డేటాబేసు గుర్తుంచుకొనును. మరియొక కనెక్షనుపై ఈలోగా వేయి పద్దులు చేరినను మన జవాబు మారదు. మా ఉదాహరణములో మొదటి బల్లకు 501 అనియే వచ్చియుండెడిది. పీ.హెచ్.పీ. భాషలో ప్రోగ్రాములు వ్రాయువారికి ఇదే సంఖ్య 'ఇన్సర్ట్ ఐడీ', 'లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ' అను పేర్లతో సిద్ధముగా దొరకును.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకను సుళువైన మార్గము 2006 నుండి కలదు. ఇన్సర్ట్ ఆజ్ఞ చివరనే 'రిటర్నింగ్' అను మాటను చేర్చి సంఖ్య గల గడి పేరు వ్రాసిన చాలును. పద్దు చేరుటతోడనే దాని సంఖ్య జవాబుగా వచ్చును. మూట నిచ్చుటయు రసీదు పుచ్చుకొనుటయు ఒక్క పనియే యగును. ఈ సౌకర్యమే మరియాడీబీలో 2020లోను, చేతిఫోనులన్నిటను వాడుకలోనున్న ఎస్.క్యూ.లైట్‌లో 2021లోను వచ్చినది. ఎస్.క్యూ.ఎల్. సర్వరులో ఇట్టి పనికి 'ఔట్‌పుట్' అను మాట కలదు; 'స్కోప్ ఐడెంటిటీ' అను ప్రశ్నయు కలదు. ఆ డేటాబేసులోనే కేవలము 'ఐడెంటిటీ' అని రెండు 'ఎట్' గుర్తులతో అడుగు పాత ప్రశ్న యొకటి యున్నది. ఒక పద్దు చేరినప్పుడు తనంతట తాను మరియొక పట్టికలో పద్దు వ్రాయు ట్రిగ్గరు అను ఏర్పాటు అచ్చటనుండిన, ఆ పాత ప్రశ్నకు రెండవ పట్టికలోని సంఖ్య జవాబుగా వచ్చును. కావున దానిని విడిచి మొదటివానినే వాడుట మంచిది.

పాటింపవలసిన జాగ్రత్తలు

మొదటిది. మైసీక్వెల్ వంటివానియందు ఇన్సర్ట్ ఏ కనెక్షనుపై జరిగినదో ప్రశ్నయు ఆ కనెక్షనుపైనే అడుగవలెను. వెబ్బు ప్రోగ్రాములు కొన్ని కనెక్షనులను ముందుగా తెరచియుంచి, వచ్చిన ఆజ్ఞ నెల్ల ఖాళీగా నున్న కనెక్షనుకు అప్పగించును. ఆజ్ఞ ఒక తీగపైనను ప్రశ్న వేరొక తీగపైనను పోయినచో జవాబుగా సున్నయో, ఇతరుల సంఖ్యయో వచ్చును. రసీదును వేరొక కిటికీలో అడిగినట్లగును.

రెండవది. సంఖ్యను వెంటనే అడిగి ఒక పేరు క్రింద భద్రపరచుకొనవలెను. నడుమ దినచర్య పట్టికలో మరియొక పద్దు వ్రాసి, ఆ తరువాత అడిగినచో ఆ దినచర్య పద్దు సంఖ్యయే వచ్చును.

మూడవది. ఒకే ఆజ్ఞతో ఐదారు పద్దులను చేర్చినప్పుడు మైసీక్వెల్ వానిలో మొదటిదాని సంఖ్యను మాత్రమే తెలుపును, చివరిదానిని కాదు. పోస్ట్‌గ్రెస్‌లోని రిటర్నింగ్ మాత్రము చేరిన పద్దులన్నిటి సంఖ్యలను ఇచ్చును.

నాలుగవది. రాకను చేర్చి పరీక్షలను చేర్చులోగా విద్యుత్తు పోవచ్చును. అప్పుడు పరీక్షలు లేని రాక యొకటి మిగులును. ఇట్లు జరుగకుండుటకు రెండు ఆజ్ఞలను ట్రాన్సాక్షను అను ఒక కట్టులో నుంచవలెను. అన్నియు సరిగా జరిగినచో 'కమిట్' అని ముద్ర వేయుదుము. లేనిచో 'రోల్‌బ్యాక్' అని మొదటికి మరలుదుము. అయినను ఒక మాట. కట్టులో నుంచినంత మాత్రమున పెద్ద సంఖ్యను చూచు పాత పద్ధతి మంచిది కాజాలదు. అట్లే, లేని రాక సంఖ్యతో పరీక్షను చేర్పనీయక అడ్డగించు 'ఫారిన్ కీ' అను కావలియు ఈ తప్పును పట్టజాలదు. 502 అను రాక నిజముగా నున్నది గదా! ఆ సంఖ్య ఉన్నదా లేదా యని మాత్రమే కావలివాడు చూడగలడు. అది ఎవరిదో వానికి తెలియదు.

సంఖ్యలలో ఖాళీలు

పద్దు సంఖ్యలను వరుసగా చూచినప్పుడు 501 తరువాత 503 ఉండి 502 కనబడకున్నచో ఎవరో పద్దును చెరిపి మోసగించిరని ఇంటివారును, చిన్న వర్తకులును అనుమానింతురు. రోల్‌బ్యాక్ అయిన పద్దునకు పుట్టిన సంఖ్యను డేటాబేసు సాధారణముగా మరల నెవరికిని ఈయదు. ఒకరికి చింపి ఇచ్చిన చీటీని మరల కట్టలో అతికింపనట్లే ఇదియు. ఖాళీ కనబడుట దోషము కాదు.

ఈ కారణముచేతనే పద్దు సంఖ్యను బిల్లు సంఖ్యగా వాడుట తగదు. మన దేశమున 2017 నాటి కేంద్ర వస్తుసేవల పన్ను నియమములలో 46వ నియమము ప్రకారము పన్ను బిల్లులకు పదునారు అక్షరములకు మించని వరుస సంఖ్య ఉండవలెను. ఒక ఆర్థిక సంవత్సరములో అది మరల రాకూడదు. పద్దు సంఖ్య పద్దులను కలుపుటకు. బిల్లు సంఖ్య లెక్క చూపుటకు. రెంటిని వేరువేరుగా పెంచవలెను.

సంఖ్యను అడుగవలసిన పనియే లేని దారి యొకటి కలదని చెప్పుట న్యాయము. ప్రోగ్రామే 128 బిట్ల పొడవుగల యాదృచ్ఛిక సంఖ్యను ముందుగా పుట్టించి, దానినే రెండు పట్టికలలోను వ్రాయును. దీనిని యు.యు.ఐ.డి. అందురు. రెండు చోట్ల ఒకే సంఖ్య పుట్టు అవకాశము లేదనదగినంత స్వల్పము. కాలక్రమములో అమరునట్లు దీనిలో ఏడవ రకమును 2024లో ప్రమాణీకరించిరి. కాని వ్రాసినచో ఇది ముప్పదియారు గుర్తుల పొడవుండును. ఫోనులో "మీ సంఖ్య చెప్పండి" అని అడిగినప్పుడు ఏ తాతగారును దీనిని చదివి వినిపింపజాలరు.

యువకుడు చేసిన పని

ఆ యువకుడు ప్రోగ్రామును దిద్దుటకు పట్టిన కాలము స్వల్పమే. పెద్ద సంఖ్యను అడుగు ప్రశ్నను తీసివేసి, తన ఇన్సర్ట్‌కు పుట్టిన సంఖ్యను అడుగు మాట వ్రాసెను. రెండు ఆజ్ఞలను ఒక కట్టులో నుంచెను. అతడు తరువాత చేసిన పనులు రెండు మాకు మరింత నచ్చినవి.

పాత ప్రోగ్రామును మరల తెరచి, రెండు మెట్ల నడుమ ఐదు సెకనులు ఊరకుండుమని దానికి చెప్పెను. రెండు బల్లలయొద్ద ఇద్దరిని కూర్చుండబెట్టి, ఒకరి వెంట నొకరిని బొత్తాము నొక్కుమనెను. మూడు నెలలు కానరాని తప్పు నొక్కిన ప్రతిసారియు కానవచ్చెను. క్రొత్త ప్రోగ్రామునకును అదే పరీక్ష పెట్టెను. తప్పు ఒక్కసారియు రాలేదు. వెబ్బు ప్రోగ్రామును వ్రాయువారెవరైనను ఒంటరిగా పరీక్షించి తృప్తిపడరాదనియు, ఇద్దరు త్రొక్కిసలాడు నడుమ పరీక్షింపవలెననియు మేమును అప్పుడు తెలిసికొంటిమి.

రెండవ పని యిది. పరీక్షలు ఒక్కటియు లేని రాకలన్నిటిని డేటాబేసునుండి జాబితాగా తీసెను. 501 వలె ఒట్టిగా మిగిలిన ప్రతి రాకయు అనుమానింపదగినదే. దాని పరీక్షలు సమీప సంఖ్యగల మరియొకరి కాగితముపై నుండవచ్చును. అట్టివి కొన్ని దొరకినవి. కేంద్రమువారు వారికందరికిని ఫోను చేసి, రుసుము లేకయే మరల పరీక్షలు జరిపించిరి. తప్పును దిద్దుట ఒకటి. తప్పువలన ఇదివరకే నష్టపడినవారిని వెదకి పట్టుట మరియొకటి. రెండవదానిని మరచువారు లోకమున ఎక్కువ.

మా పెద్దవారి చక్కెర ఎక్కువగా నున్న మాట నిజమే. ఒట్టి కాగితమును చూచి "ఏమీ లేదన్నమాట" అని మేము ఊరకుండినచో ఆ సంగతి మాకు ఎంతకాలమునకు తెలిసెడిదో! ఆ బాలిక నిశ్చింతగా కళాశాలకు పోవుచున్నది. ఆమె తల్లి కాగితమును మడచి పెట్టెలో నుంచక, వ్రాయని పరీక్ష ఎట్లు వచ్చినదని అడుగుటచేతనే ఇద్దరికిని మేలు కలిగినది.

కావున పాఠకులకు మా మనవి. పరీక్షా కాగితమేగాని, సరుకుల బిల్లేగాని ఇంటికి వచ్చినప్పుడు పేరు చూచి సరిపెట్టుకొనక, క్రిందనున్న పద్దులు మీవియేనా యని చూడుడు. మీ ఇంటిలో ఈ విద్యను అభ్యసించు పిల్లలున్నచో, క్రొత్త పద్దు సంఖ్యను నీ ప్రోగ్రాము ఎట్లు తెలిసికొనుచున్నదని ఒక్కమారు అడుగుడు. పుస్తకములో ఆఖరు సంఖ్యను చూచి తెలిసికొనుచున్నదన్నచో, తపాలా కచేరిలో వారు పుచ్చుకొన్న రసీదు నొకదానిని వారి చేతిలో నుంచుడు. మిగిలినది వారే గ్రహింతురు.